నిలబెట్టిన కారులో బ్యాటరీ దిగిపోతుంటే: ఏ పద్ధతితో వెతకాలి?

సోమవారం పొద్దున ఆఫీసుకు బయల్దేరే వేళకి తాళం తిప్పితే సెల్ఫ్ కొట్టదు. డాష్‌బోర్డు మీద దీపాలు మసగ్గా వెలుగుతాయి, బానెట్ కింద నుంచి టకటకమని రిలే చప్పుడు వస్తుంది. పక్క ఫ్లాటాయన కారు తెచ్చి జంపర్ కేబుల్ వేస్తే స్టార్ట్ అవుతుంది. రెండు మూడు రోజులు బాగానే నడుస్తుంది, మళ్లీ అదే కథ. ఇక సలహాలు మొదలు. బ్యాటరీ షాపాయన బ్యాటరీ పోయిందంటాడు. వీధి చివర ఎలక్ట్రీషియన్ ఎక్కడో షార్ట్ ఉంది సార్ అంటాడు. బావమరిదేమో డైనమో చార్జ్ చేయట్లేదేమో చూపించమంటాడు. ముగ్గురిలో ఎవరి మాటైనా నిజం కావచ్చు, ఎందుకంటే మూడు జబ్బులకూ పైకి కనిపించే లక్షణం ఒక్కటే.

ఇక్కడ చెప్పేది ఎలక్ట్రీషియన్ షార్ట్ అని పిలిచే రకం గురించి. అంటే కారు ఆపి తాళం వేశాక కూడా ఏదో ఒక భాగం కరెంటు లాగుతూ ఉండటం. దాన్ని వెతకడానికి చాలా దారులున్నాయి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇంటి దగ్గర సొంతంగా చూసుకునేవాళ్లకు ఫ్యూజుల మీద మిల్లీవోల్టులు కొలిచే పద్ధతి అన్నిటికంటే మేలు. అందరూ మొదట చేసే పని, అంటే ఫ్యూజులు ఒక్కొక్కటీ పీకి చూడటం, ఈ కాలం కార్లలో ఆఖరున పెట్టుకోవాల్సింది.

ముందు జబ్బు ఏదో తేల్చుకోండి

దీనికి ఓ మామూలు మల్టీమీటరు చాలు. ఎలక్ట్రికల్ షాపుల్లో రెండు మూడొందలకు దొరికే పసుపు రంగు డీటీ-830డీ రకమైనా సరే. హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీకి వెళ్తే బోలెడన్ని కనిపిస్తాయి.

కారు ఆపిన మూడు నాలుగు గంటల తర్వాత బ్యాటరీ రెండు టెర్మినళ్ల మధ్య వోల్టేజీ చూడండి. బండి ఆపగానే చూస్తే అంకె ఎక్కువ చూపించి మోసం చేస్తుంది. నిండుగా చార్జ్ ఉన్న బ్యాటరీ 12.6 లేదా 12.7 వోల్టులు చూపిస్తుంది. 12.2 అంటే సగం అయిపోయినట్టు. 12 కంటే కిందికి వచ్చిందంటే దాదాపు ఖాళీ. తర్వాత ఇంజిన్ స్టార్ట్ చేసి చూస్తే 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. అలా ఉంటే ఆల్టర్నేటర్, అదే మనవాళ్లు డైనమో అనేది, తన పని చేస్తున్నట్టే. ఇంధనం ఆదా కోసం చార్జింగ్‌ను కంప్యూటరే తగ్గించి పెంచే కార్లలో ఈ అంకె ఒక్కోసారి ఇంతకన్నా తక్కువ ఉండొచ్చు. హెడ్‌లైట్లు వేసి ఇంకోసారి చూస్తే సాధారణంగా పైకి లేస్తుంది.

ఈ సందర్భంలో ఒక మాట. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ ఊడదీసి, బండి ఆగకపోతే డైనమో బాగున్నట్టే అని చెప్పే మెకానిక్కులు ఇంకా ఉన్నారు. పాత అంబాసిడర్‌కి అది చెల్లిందేమో గానీ, ఇప్పటి కార్లలో ఆ క్షణంలో వోల్టేజీ ఒక్కసారిగా ఎగిసి ఈసీయూని, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్‌ని, కాల్చేసే ప్రమాదం ఉంది. ఎవరైనా ఆ పని చేయబోతే వద్దని చెప్పండి.

బ్యాటరీ సంగతి తేలాలంటే ఒక రాత్రి పడుతుంది. నిండుగా చార్జ్ చేసిన బ్యాటరీకి నెగెటివ్ టెర్మినల్ విప్పి (చాలా కార్లలో 10 నంబరు పానా సరిపోతుంది) పక్కకు పెట్టి, వోల్టేజీ రాసుకుని, పొద్దున మళ్లీ చూడండి. వైరు తగిలించకుండానే అంకె బాగా పడిపోయిందంటే తప్పు బ్యాటరీ లోపలే ఉంది, కారును వెతకడం దండగ. వైరు విప్పినప్పుడు నిలకడగా ఉండి, తగిలిస్తే దిగిపోతుంటే మాత్రం కారులో ఏదో లాగుతోంది. బ్యాటరీ మీద పచ్చగా కనిపించే కన్ను చూసి నమ్మకండి. అది ఆరు సెల్లుల్లో ఒక్కదాని సంగతే చెబుతుంది.

నాలుగో సంగతి ఒకటుంది, అసలు జబ్బే కాదది. రోజూ మూడు కిలోమీటర్లు ఏసీ వేసుకుని వెళ్లి వస్తూ, సెల్ఫ్ కొట్టడానికి వాడిన కరెంటు కూడా తిరిగి నింపని బండి. దానికి కావాల్సింది చార్జర్. ఎలక్ట్రీషియన్‌కి చూపించినా చేసేదేమీ ఉండదు.

ఎంత లాగితే తప్పు?

ఆపేసిన కారు కూడా కొంత కరెంటు వాడుకుంటుంది. గడియారం, రిమోట్ లాక్, అలారం, ఈసీయూ జ్ఞాపకం, ఇవన్నీ మెలకువగానే ఉండాలి కదా. మామూలుగా 20 నుంచి 50 మిల్లీ యాంపుల వరకు ఫరవాలేదు. 50 మిల్లీ యాంపులంటే రోజుకు 1.2 యాంపియర్ అవర్లు. చిన్న కార్లలో ఉండే 35 యాంపియర్ అవర్ల బ్యాటరీ సగానికి రావడానికి రెండు వారాలు పడుతుంది. అదే 300 మిల్లీ యాంపులు లాగుతుంటే రోజుకు 7 పైచిలుకు, అంటే రెండున్నర రోజుల్లో సగం ఖాళీ. శుక్రవారం సాయంత్రం పెట్టిన కారు సోమవారం పొద్దున మొరాయించడం వెనకున్న లెక్క చాలాసార్లు ఇదే. డిక్కీలో ఆరకుండా ఉండిపోయిన 5 వాట్ల బల్బు ఒక్కటే 400 మిల్లీ యాంపుల దాకా లాగుతుంది. అనుమానం ఉంటే ఫోన్‌లో వీడియో రికార్డింగ్ ఆన్ చేసి డిక్కీలో పెట్టి మూసి, తీసి చూసుకోండి. గ్లవ్ బాక్సుకీ ఇదే కిటుకు.

కారును నిద్రపోనివ్వాలి

ఏ పద్ధతి ఎంచుకున్నా తప్పుడు అంకెలు వచ్చేది ఇక్కడే. తాళం తీసి దిగగానే కారులోని కంప్యూటర్లన్నీ ఒకేసారి పడుకోవు. ఒక్కొక్కటిగా ఆగుతాయి. మొదట్లో రెండు మూడు యాంపులు చూపించినా ఆశ్చర్యపోనక్కర్లేదు. పది నిమిషాలకు, అరగంటకు, కొన్ని పెద్ద కార్లలో ఇంకా ఆలస్యంగా అసలు అంకెకు దిగుతుంది. ఈలోపు డోరు తెరిచినా, బానెట్ స్విచ్ కదిలినా, కీలెస్ తాళం జేబులో పెట్టుకుని మీరు పక్కనే నిలబడినా మళ్లీ మెలకువ వస్తుంది.

అందుకని పని మొదలుపెట్టే ముందే ఏర్పాట్లు చేసుకోండి. ఫ్యూజ్ బాక్సు లోపల డాష్‌బోర్డు కింద ఉంటే డ్రైవర్ డోరు తెరిచే ఉండాలి. తెరిచిన డోరు పక్క అంచున ఉన్న కొక్కేన్ని స్క్రూడ్రైవర్‌తో లోపలికి నొక్కితే టక్కున పడి మూసుకుంటుంది, కారు మాత్రం డోరు వేశారనే అనుకుంటుంది. డోరు స్విచ్ ఫ్రేములో విడిగా బొత్తంలా ఉండే పాత కార్లలో దాన్ని టేపుతో అదిమి ఉంచాలి. బానెట్‌కి కూడా అంతే. కిటికీ అద్దం దించి ఉంచండి, తాళం ఇంట్లో పెట్టి రండి. పని అయ్యాక ఆ కొక్కేన్ని హ్యాండిల్ లాగి విడిపించకుండా డోరు గట్టిగా వేశారో, కొక్కెం వంగుతుంది.

పద్ధతులు, వాటి మంచీ చెడూ

టెస్ట్ ల్యాంపు రోడ్డు పక్క షాపుల్లో అందరి దగ్గరా ఉంటుంది. నెగెటివ్ వైరు విప్పి, వైరుకూ టెర్మినల్‌కూ మధ్య బల్బు పెడతారు. వెలిగితే షార్ట్ అంటారు. ఫ్యూజులు పీకుతూ ఎప్పుడు ఆరితే అక్కడ తప్పు ఉందంటారు. కార్బ్యురేటర్ కాలం బండ్లకు, ట్రాక్టర్లకు, పాత జీపులకు ఇది ఇప్పటికీ బాగా పనిచేస్తుంది. కొత్త కార్లకు రెండు చిక్కులు. ఎల్ఈడీ టెస్టరైతే మామూలుగా ఉండే 20 మిల్లీ యాంపులకే వెలిగి లేని జబ్బు చూపిస్తుంది. పెద్ద బల్బైతే 200 మిల్లీ యాంపులు పోతున్నా పైకి కనిపించనంత మసగ్గా ఉంటుంది. టెర్మినల్ తాకించి నిప్పురవ్వ వచ్చిందా అని చూడటం ఇంకా అన్యాయం. ఈసీయూలో, స్టీరియోలో ఉండే కెపాసిటర్లు నిండేటప్పుడు ఏ జబ్బూ లేని కారులోనూ రవ్వ వస్తుంది.

మల్టీమీటరును వరసలో పెట్టి కొలవడం పుస్తకాల్లో ఉండే పద్ధతి. మొత్తం ఎంత పోతోందో దీనంత కచ్చితంగా చెప్పేది లేదు. నల్ల వైరు కామన్‌లో, ఎర్ర వైరు 10 యాంపుల రంధ్రంలో ఉండాలి. 200 మిల్లీ యాంపుల రంధ్రంలో పెడితే కారు మెలకువ వచ్చిన మొదటి క్షణంలోనే మీటరు లోపలి ఫ్యూజ్ పోతుంది. నెగెటివ్ క్లాంపు వదులు చేసి, ఇంకా పైకి లేపకముందే ఒక ప్రోబు క్లాంపుకూ ఇంకోటి బ్యాటరీ టెర్మినల్‌కూ క్రొకడైల్ క్లిప్పులతో తగిలించి, ఆ తర్వాత క్లాంపు లేపితే కారుకు కరెంటు తెగదు. తెగితే అన్నీ మొదటినుంచి మేల్కొంటాయి, తప్పు చేస్తున్న కొన్ని మాడ్యూళ్లు, అంటే కారులోని చిన్న చిన్న కంప్యూటర్లు, అలా తెగి కలిశాక బుద్ధిగా ప్రవర్తించి అసలు జబ్బును దాచేస్తాయి కూడా. మీటరు తగిలి ఉన్నంతసేపూ ఇగ్నిషన్ వేయకూడదు, సెల్ఫ్ మాట అసలే వద్దు.

పసుపు మీటర్ల మీద 10 యాంపుల రంధ్రం పక్కన పది సెకన్లకు మించి వద్దని చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. అది పూర్తి పది యాంపుల సంగతి. అర యాంపు దగ్గర అరగంట ఉంచినా ఏమీ కాదు. అసలు ప్రమాదం పని అయ్యాక ఉంటుంది. ఎర్ర వైరు 10 యాంపుల రంధ్రంలోనే మర్చిపోయి, మరుసటి రోజు వోల్టేజీ చూద్దామని బ్యాటరీ రెండు టెర్మినళ్లకూ ప్రోబులు పెట్టారంటే అది నేరుగా షార్టే. ఆ రంధ్రానికి చాలా చవక మీటర్లలో ఫ్యూజ్ ఉండదు. ప్రోబులు చేతిలోనే కరుగుతాయి.

టాంగ్ టెస్టర్, అంటే క్లాంప్ మీటర్, ఏదీ విప్పకుండా కొలుస్తుంది. నెగెటివ్ కేబుల్ చుట్టూ దవడ బిగిస్తే చాలు. కారుకు కరెంటు తెగదు, ఫ్యూజ్ పోతుందన్న టెన్షన్ లేదు, పొరపాటున డోరు తెరిచినా నష్టం లేదు. ఎక్కువ బండ్లు చూసేవాళ్లకు దీన్ని మించింది లేదు. కొనేటప్పుడు మాత్రం జాగ్రత్త. ఇళ్ల వైరింగ్ పనికి వాడే టాంగ్ టెస్టర్లలో చాలావరకు ఏసీ కరెంటే కొలుస్తాయి, కారుకు పనికిరావు. డీసీ యాంపులు కొలవగలగాలి, అదీ చిన్న రేంజిలో. యూనీ-టీ కంపెనీ యూటీ210ఈ లాంటి వాటిలో 2 యాంపుల రేంజి ఉంది, ఒక్కో మిల్లీ యాంపు చూపిస్తుంది. 400 యాంపుల రేంజి మాత్రమే ఉన్న మీటరుకు 50 మిల్లీ యాంపులూ 90 మిల్లీ యాంపులూ ఒకటే. ఇంకోటి, ఈ మీటరు భూమి అయస్కాంతత్వాన్ని కూడా పట్టుకుంటుంది. కేబుల్ దగ్గరే, పెట్టబోయే దిక్కులోనే పట్టుకుని జీరో బటన్ నొక్కి అప్పుడు బిగించాలి. ఒక్క కారు కోసం దీని మీద వేలు పెట్టడం నాకైతే అనవసరం అనిపిస్తుంది. నాలుగిళ్ల వాళ్లు కలిసి కొనుక్కుంటే వేరే మాట.

ఈ రెండు మీటర్లూ ఎంత పోతోందో చెబుతాయి గానీ ఎక్కడ పోతోందో చెప్పవు. అందుకే ఫ్యూజులు పీకడం మొదలవుతుంది. పీకితే వచ్చే ఇబ్బంది ఏమిటంటే, కొత్త కార్లలో ఒక ఫ్యూజ్ తీస్తే దాని మీదున్న మాడ్యూల్ పడుకుంటుంది, తిరిగి పెడితే అది లేచి తనతో మాట్లాడే మిగతా మాడ్యూళ్లను కూడా లేపుతుంది. మళ్లీ అరగంట ఆగాలి. నలభై ఫ్యూజులున్న కారులో ఇలా చేస్తే సాయంత్రం అయిపోతుంది, అంకెలు మాత్రం ఒకదానితో ఒకటి పొసగవు. పైగా ఏ ఫ్యూజ్ ఎక్కడిదో కలిసిపోయి, 10 ఉండాల్సిన చోట 20 పెట్టేసిన కార్లు తక్కువేం కాదు.

ఫ్యూజ్ మీద మిల్లీవోల్టులు

ఈ పద్ధతిలో దేన్నీ విప్పేది లేదు, పీకేది లేదు. బ్లేడ్ ఫ్యూజ్ పైభాగం దగ్గర నుంచి చూస్తే అంకె రాసి ఉన్న ప్లాస్టిక్‌కు రెండు వైపులా ఆవగింజంత లోహపు చుక్కలు రెండు కనిపిస్తాయి. పరీక్ష కోసమే వాటిని అలా వదిలారు. మీటరును 200 మిల్లీవోల్టుల డీసీ మీద పెట్టి రెండు ప్రోబులనూ ఆ చుక్కల మీద ఆనించండి. ఫ్యూజ్ గుండా కరెంటు ఏమీ పోకపోతే 00.0. పోతుంటే అంకె కనిపిస్తుంది. ఫ్యూజ్‌కూ కాస్త నిరోధం ఉంటుంది కాబట్టి, కరెంటు పారితే రెండు చుక్కల మధ్య అతి చిన్న వోల్టేజీ ఏర్పడుతుంది. అంతే సంగతి.

పసుపు మీటరు ఈ రేంజిలో 0.1 మిల్లీవోల్టు చూపించగలదు. 10 యాంపుల ఫ్యూజ్ నిరోధం సుమారు 7 నుంచి 8 మిల్లీ ఓములు. కాబట్టి దాని మీద 0.1 కనిపిస్తే 13 మిల్లీ యాంపులు, 1 మిల్లీవోల్టు కనిపిస్తే 130 మిల్లీ యాంపులు పోతున్నట్టు. ఫ్యూజ్ పెద్దదయ్యేకొద్దీ అదే మిల్లీవోల్టుకు కరెంటు ఎక్కువ: 15 యాంపుల దాని మీద 1 మిల్లీవోల్టంటే ఇంచుమించు 200 మిల్లీ యాంపులు, 20 దాని మీద 300 దగ్గర. 5 యాంపుల చిన్నదాని మీద 60 మాత్రమే. బ్లేడు సైజునుబట్టి, తయారీదారునుబట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది. అయినా మనకు కావాల్సింది దశాంశాలు కాదు, అన్నీ సున్నా చూపిస్తుంటే ఏది చూపించడం లేదో తెలిస్తే చాలు.

మా అన్నయ్య పాత హ్యాచ్‌బ్యాక్‌లో ఇలాగే జరిగింది. ఒక షాపులో బ్యాటరీ మార్పించారు, కొత్తది కూడా వారం తిరక్కుండానే దిగింది. బయటి ఫ్యూజ్ బాక్సులో రెండు మూడు చోట్ల 0.1, 0.2 తప్ప ఏమీ లేదు. లోపలి బాక్సులో ఆడియోకి ఇచ్చిన 15 యాంపుల ఫ్యూజ్ మీద మాత్రం 1.7. అంటే 350 మిల్లీ యాంపుల చిల్లర. తర్వాత బిగించిన ఆండ్రాయిడ్ స్టీరియో బయటికి లాగితే కారణం కళ్లముందే ఉంది. స్టీరియో నుంచి వచ్చే పసుపు తీగకు ఎప్పుడూ కరెంటు ఉండాలి, ఎర్ర తీగకు తాళం తిప్పినప్పుడే రావాలి. బిగించినవాళ్లు రెండిటినీ కలిపి మెలిపెట్టి నల్ల టేపు చుట్టేశారు. తెర ఆరినా లోపలి ఆండ్రాయిడ్ మాత్రం రాత్రంతా పనిచేస్తూనే ఉంది. ఎర్ర తీగను వేరుచేసి, తాళం తిప్పితేనే కరెంటు వచ్చే ఏసీసీ లైనుకు కలిపితే ఆ ఫ్యూజ్ మీద అంకె సున్నాకు వచ్చింది.

ఈ పద్ధతికి లోటుపాట్లు లేకపోలేదు. చవక మీటరు ప్రోబులు మొద్దుగా ఉంటాయి, చుక్క మీద సరిగా ఆనకపోతే అంకె గెంతుతూ ఉంటుంది. కొలిచే ముందు రెండు ప్రోబులూ ఒకదానికొకటి ఆనించి సున్నా వస్తోందో లేదో చూసుకోవాలి. డాష్‌బోర్డు కింద తల దూర్చి టార్చ్ పట్టుకోవడానికి ఇంకొకరు ఉంటే నయం. కొన్ని పెద్ద డబ్బా ఫ్యూజులకు పైన చుక్కలు ఉండవు. అసలైన లోటు ఇంకొకటి: ఫ్యూజ్ బాక్సు దాకా రాని కరెంటు దీనికి దొరకదు.

ఫ్యూజులకు దొరకనివి

ఫ్యూజులన్నీ సున్నా చూపిస్తూ బ్యాటరీ కేబుల్ మీద మాత్రం అర యాంపు కనిపిస్తుంటే మొదట ఆల్టర్నేటర్‌ను అనుమానించాలి. దానిలో కరెంటును ఒకే వైపుకు పోనిచ్చే డయోడ్ ఒకటి పాడైతే బండి ఆగి ఉన్నప్పుడు కరెంటు వెనక్కి పోతుంది. చార్జింగ్ మాత్రం పైకి బాగానే కనిపించవచ్చు. ఆల్టర్నేటర్ నుంచి వచ్చే లావు తీగ నేరుగా బ్యాటరీ వైపు పోతుంది కాబట్టి చిన్న ఫ్యూజుల దగ్గర ఆచూకీ ఉండదు. టాంగ్ టెస్టర్ ఉంటే ఆ తీగకే బిగించి చూడొచ్చు. లేకపోతే, బ్యాటరీ నెగెటివ్ విప్పాక ఆ తీగను ఆల్టర్నేటర్ నుంచి తీసి, కొనకు టేపు చుట్టి, నెగెటివ్ వైపు మీటరును మళ్లీ వరసలో పెట్టి చూడాలి. అంకె పడిపోతే దొరికినట్టే. ఈ పనికి చేయి తిరిగినవాళ్లయితేనే మంచిది.

తర్వాత అనుమానించాల్సింది షోరూమ్ దాటాక బిగించిన ప్రతిదాన్నీ. బ్యాటరీ టెర్మినల్ నుంచి నేరుగా బయల్దేరే సన్న తీగలను ఒక్కొక్కటీ వెంబడించండి. యాంప్లిఫయర్, ఫాగ్ ల్యాంపుల రిలే, పెద్ద హారన్, జీపీఎస్ ట్రాకర్, పార్కింగ్ మోడ్‌లో రాత్రంతా రికార్డు చేసే డాష్‌క్యామ్, ఓబీడీ సాకెట్లో (మెకానిక్ స్కానర్ తగిలించే చోట) గుచ్చి మర్చిపోయిన బుల్లి పరికరం. నిజం చెప్పాలంటే మీ కారులో ఇలాంటివి ఉంటే మీటరు బయటికి తీయకముందే వాటిని ఊడదీసి రెండు రాత్రులు చూడటం అన్నిటికంటే చవకైన పరీక్ష. ఫాస్టాగ్‌ను మాత్రం వదిలేయండి, దానికి కారు నుంచి ఏ తీగా లేదు, స్కానర్ పంపే తరంగాలతోనే పనిచేస్తుంది. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఎలుకలు కొరికిన తీగలు ఇంకో కారణం. బానెట్ కింద పెంటికలు కనిపిస్తే హార్నెస్, అంటే తీగల కట్ట, అంతా కంటితో చూడాల్సిందే.

ఒక్కోరోజే దిగేదైతే

నాలుగు రాత్రులు బాగుండి ఐదో రాత్రి దిగిపోయే కార్లతో పై పద్ధతులన్నీ ఓడిపోతాయి. మీరు కొలిచినప్పుడు అంతా సవ్యంగా ఉంటుంది. అంటుకుపోయి విడిపడే రిలే, సరిగా పడుకోని మాడ్యూల్ ఇలా చేస్తాయి. అలాంటప్పుడు బ్యాటరీకి తగిలించే బ్లూటూత్ మానిటర్ ఉపయోగం. వోల్టేజీని రాత్రంతా నమోదు చేసి ఫోన్‌లో గీతలా చూపిస్తుంది. మెల్లగా జారే గీతకూ, రాత్రి రెండింటికి ఒక్కసారిగా వంగే గీతకూ తేడా అందులో తెలిసిపోతుంది. ఎక్కడ పోతోందో చెప్పదు, ఎప్పుడు మొదలైందో చెబుతుంది. ఆ వేళకి ముందు ఏసీ వాడారా, డిక్కీ తెరిచారా, సెంట్రల్ లాక్ రెండుసార్లు నొక్కారా అని మీరే వెనక్కి లెక్క కట్టుకోవాలి.

ఎవరికి అప్పజెప్పాలి?

వారంటీలో ఉన్న కారైతే ఆలోచించకుండా షోరూమ్ సర్వీసుకే ఇవ్వండి. సొంతంగా తీగ కోస్తే, ఆ తర్వాత వచ్చే ప్రతి వైరింగ్ సమస్యకూ అదే కారణమని వాళ్లు అనొచ్చు. బయట బిగించినవి ఉన్నట్టయితే షోరూమ్‌వాళ్లు ముందు వాటినే చూపించి చేతులు దులుపుకుంటారు, కాబట్టి అవి తీసేసి ఇవ్వడం మేలు. మాడ్యూల్ పడుకోకపోవడం లాంటి తప్పులకు కంపెనీ స్కానర్, కొన్నిసార్లు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ కావాలి. అవి వీధి షాపులో జరిగే పనులు కావు.

వారంటీ అయిపోయిన మామూలు కారుకు మంచి ఆటో ఎలక్ట్రీషియన్ ఎంతో నయం. విజయవాడ ఆటోనగర్‌లో గానీ, మీ ఊళ్లో గానీ ఎవరి దగ్గరికి వెళ్లినా ఒకటే ప్రశ్న అడగండి: ఆపిన కారు ఎన్ని మిల్లీ యాంపులు లాగుతోందో చూసి చెబుతారా అని. మీటరు తీసి, బండి వదిలి వెళ్లండి, కాసేపు ఆగాలి అన్నవాడికి పని తెలుసు. రెండు నిమిషాల్లో టెర్మినల్ గీకి రవ్వ చూపించి వైరింగ్ మొత్తం మార్చాలి అన్నవాడి దగ్గర్నుంచి బండి తెచ్చేసుకోవచ్చు. బ్యాటరీ షాపులో లోడ్ టెస్ట్, అంటే బ్యాటరీ మీద భారం పెట్టి చూసే పరీక్ష, చాలాచోట్ల ఉచితంగానే చేస్తారు, అది చేయించుకోండి. కొత్త బ్యాటరీ కొనాలా వద్దా అన్నది ఆ టెస్టు కాగితం మీద అంకె చూశాకే.

మీటరు వాడటం వచ్చు, ఖాళీ ఆదివారం ఉంది, కారు ఐదేళ్లు దాటింది అంటే పైన చెప్పిన మిల్లీవోల్టుల పద్ధతితో మీరే మొదలుపెట్టండి. ఏ ఫ్యూజో తెలిశాక ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్తే అతని సగం పని మీరు చేసినట్టే, బిల్లులోనూ అది కనబడాలి. ఎలక్ట్రిక్ కార్లలో, హైబ్రిడ్లలో కూడా 12 వోల్టుల చిన్న బ్యాటరీ ఉంటుంది, దానికీ ఇదే లెక్క. ప్రాణం తీసేంత హై వోల్టేజీ ఉండే నారింజ రంగు తీగల జోలికి మాత్రం పోవద్దు.

దొరికేదాకా నెట్టుకురావాలంటే

బ్యాటరీ నెగెటివ్‌కు బిగించే కటాఫ్ స్విచ్ చవక, రాత్రి తిప్పేస్తే పొద్దునకు చార్జ్ ఉంటుంది. కానీ గడియారం, స్టీరియో సెట్టింగులు రోజూ పోతాయి, కొన్ని కార్లలో కిటికీల ఆటో పనితనం మళ్లీ నేర్పాలి, అలారం పనిచేయదు. వారానికోసారి తీసే రెండో కారుకైతే సరే, రోజూ వాడే కారుకు విసుగు. ప్లగ్ పాయింట్ దగ్గర్లో ఉన్న ఇండిపెండెంట్ ఇళ్లవాళ్లకు బ్యాటరీని ఎప్పుడూ నిండుగా ఉంచే చిన్న చార్జర్, అదే బ్యాటరీ మెయింటెయినర్, దీనికంటే సుఖం. డల్లాస్ నుంచో సిడ్నీ నుంచో నెలకు పైగా సెలవు మీద ఇండియా వచ్చేవాళ్లు బయల్దేరే రోజున నెగెటివ్ విప్పేసి పోతే సరిపోతుంది. డిక్కీలో బ్యాటరీ ఉండి, డిక్కీ కరెంటుతోనే తెరుచుకునే కారైతే ముందు తాళంతో తెరిచే దారి ఉందో లేదో చూసుకోండి.

తప్పు దొరికి, సరిచేసి, మళ్లీ కొలిస్తే 20, 30 మిల్లీ యాంపులకు దిగిందనుకోండి. అక్కడితో వదిలేయకుండా బ్యాటరీని బయటి చార్జర్‌తో పూర్తిగా నింపండి. 35 యాంపియర్ అవర్ల దానికి మూడు మూడున్నర యాంపులతో పది పన్నెండు గంటలు. ఖాళీగా పడి ఉన్న ప్రతిరోజూ లోపలి పలకల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది, ఊళ్లో నాలుగు చక్కర్లు కొట్టినంత మాత్రాన అది కరగదు. నెగెటివ్ టెర్మినల్ మీద చిన్న సెన్సార్ డబ్బా ఉన్న స్టార్ట్-స్టాప్ కార్లలో చార్జర్ నల్ల క్లిప్పును టెర్మినల్‌కు పెట్టకుండా ఇంజిన్ దగ్గర బాడీ ఎర్త్‌కు పెట్టాలి. లేకపోతే నింపిన చార్జ్ కారు లెక్కలోకి రాదు.